రాత్రి డైవింగ్‌లో కనిపించి, టార్చి వెయ్యగానే ముడుచుకుపోయింది ఏమిటి? మొక్కా, జంతువా?

ప్రశ్న అడిగినవారు జెడ్డాలో ఉద్యోగం చేస్తున్నారట. మొదటిసారి రాత్రిపూట స్కూబా డైవింగ్‌కి వెళ్తే, పదిహేను మీటర్ల లోతులో ఒక పగడపు దిబ్బ అంచున దాదాపు మీటరు వెడల్పున, చీలుతూ పోయిన సన్నటి కొమ్మల గుబురు ఒకటి విచ్చుకుని కనిపించింది. టార్చి వేసి దగ్గరికి వెళ్ళారు. చూస్తుండగానే అంతా ముడుచుకుని ఉండలా అయిపోయింది. మర్నాడు పొద్దున అదే చోటికి వెళ్తే అక్కడ ఏమీ లేదు. అది మొక్కా, జంతువా? ముట్టుకుంటే ప్రమాదమా? ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచుకోవచ్చా? మన విశాఖ వైపు కూడా ఉంటుందా? ఇవీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. అది జంతువు, పేరు బాస్కెట్ స్టార్. ఎర్ర సముద్రంలో, ఆ లోతులో, అంత పరిమాణంలో రాత్రిపూట కనిపించిందంటే ఇంచుమించు ఖాయంగా ఆస్ట్రోబోవా నూడా అనే జాతి అయ్యుంటుంది. మీకు దానివల్ల ప్రమాదం లేదు. మీవల్ల దానికి ఉంది, అది తర్వాత చెప్తాను. అక్వేరియంలో మాత్రం పెట్టకండి. విశాఖ సంగతి చివర్లో.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివి, ఆ తర్వాత ఎర్ర సముద్రంలో ఈజిప్టు తీరాన చాలా ఏళ్ళు డైవ్ గైడ్‌గా పనిచేశాను. రాత్రి డైవింగ్‌కి తీసుకెళ్ళిన ప్రతి బృందంలోనూ పైకి రాగానే ఎవరో ఒకరు మీ ప్రశ్నే అడిగేవారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దీన్ని నక్షత్ర చేపకి చుట్టం అంటారు. నిజమే, రెండూ ఇకైనోడర్మేటా వర్గంలోవే. కానీ దీని సొంత కుటుంబం బ్రిటిల్ స్టార్లది, అంటే ఇంటర్ జువాలజీ పుస్తకంలో ఓఫియూరాయిడియా అని చదివి మర్చిపోయిన విభాగం. రాళ్ళ కింద సన్నటి చేతులతో చకచకా పాకుతూ పోయే వాటిని మీరు చూసే ఉంటారు. వాటికి అయిదు చేతులు ఉంటాయి, ఒక్క చేతికీ చీలికలుండవు. బాస్కెట్ స్టార్‌కీ మొదట అయిదు చేతులే. ఆ ఒక్కో చెయ్యి కాస్త దూరం వెళ్ళి రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ రెండేసిగా చీలుతాయి, అలా చీలుతూ చీలుతూ చివరికి దారప్పోగులంత సన్నబడతాయి. ఆ కొసలు మన కాకర పాదు నులితీగల్లాగే ఉంటాయి. తగిలినదాన్ని చుట్టుకోవడంలోనూ అంతే. కాకపోతే నులితీగకి చుట్టుకోవడానికి గంటలు పడుతుంది, దీనికి క్షణాలు చాలు.

మొత్తం ఎన్ని కొసలుంటాయి అన్నది పాత ప్రశ్న. అమెరికాలో కనెక్టికట్ గవర్నరుగా ఉన్న జాన్ వింత్రప్‌కి నాన్‌టకెట్ దగ్గర ఒక జాలరి పట్టిన బాస్కెట్ స్టార్ దొరికింది. ఆయన దాన్ని 1670 ప్రాంతంలో లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపుతూ కొసలు 81,920 ఉంటాయని లెక్క కట్టాడు. అయిదుతో మొదలుపెట్టి పద్నాలుగుసార్లు రెట్టింపు చేసి చూడండి, సరిగ్గా ఆ అంకే వస్తుంది. ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఉండడు పాపం, గుణించి ఉంటాడు. నిజానికి చీలిన ప్రతిసారీ రెండు కొమ్మలూ సమానంగా ఎదగవు. ఒకటి పొట్టిగా ఆగిపోతుంది, రెండోది ముందుకు పోయి మళ్ళీ చీలుతుంది. కాబట్టి అసలు సంఖ్య అంతకంటే బాగా తక్కువే ఉంటుంది. అయినా ఆ కాలంలో, ఎండిపోయిన నమూనా ఒకటి ముందు పెట్టుకుని అంత ఓపిగ్గా చీలికల వెంట పోయినవాడిని మెచ్చుకోవాలి.

శరీరం విషయానికొస్తే, ఈ కొమ్మలన్నిటికీ మధ్యలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. ఆ కొమ్మల గుబురు ముందు అది చాలా చిన్నది, గుబురు విచ్చుకుని ఉన్నప్పుడు వెతికితే గానీ కనబడదు. కడుపు అంతా ఆ బిళ్ళలోనే. నక్షత్ర చేపకైతే జీర్ణగ్రంథులు చేతుల్లోకి కూడా వ్యాపించి ఉంటాయి, దీనికి అలా ఉండవు. నోరు బిళ్ళకి కింది వైపు. మలద్వారం లేదు. తిన్నదాంట్లో మిగిలింది నోట్లోంచే బయటికి పోవాలి. మెదడు లేదు, నోటి చుట్టూ ఒక నాడీ వలయం, దాన్నుంచి ప్రతి చేతిలోకీ వెళ్ళే నాడులు, అంతే. నక్షత్ర చేప నాళికాపాదాలకి, అంటే గొట్టాల్లాంటి చిన్న పాదాలకి, అతుక్కుని పట్టుకునే చూషకాలుంటాయి, దీని నాళికాపాదాలకి అవి లేవు.

చేతి లోపల ఒకదాని వెనక ఒకటి పేర్చిన సున్నపు ముక్కలుంటాయి, వెన్నుపూసల వరసలాగా. మామూలు బ్రిటిల్ స్టార్లలో ఈ ముక్కల మధ్య కీళ్ళు ఎక్కువగా పక్కలకి కదలడానికి వీలుగా ఉంటాయి. అందుకే అవి చేతుల్ని అటూ ఇటూ ఊపుతూ పాకుతాయి. బాస్కెట్ స్టార్ల కీళ్ళు వేరే రకం. పైకీ కిందికీ కూడా పూర్తిగా చుట్టుకోగలవు. మీరు చూసిన ఆ ముడుచుకోవడం ఈ కీళ్ళ వల్లే సాధ్యం. పైన పలకలు, ముళ్ళు బయటికి కనబడకుండా మందపాటి చర్మం కప్పి ఉంటుంది, అందుకే ముట్టుకోకుండానే తోలులా అనిపిస్తుంది చూడ్డానికి.

ఇక అసలు విషయం. మీరు చూసింది ఏదో అందానికి విచ్చుకున్న పువ్వు కాదు, వేట. సముద్రంలో చీకటి పడగానే లోతుల్లో ఉన్న ప్లవకాలు, అంటే చిన్న చిన్న రొయ్యల వంటివి, పురుగులు, లార్వాలు, పైకి లేస్తాయి. పగలైతే చేపలు వాటిని తినేస్తాయి, అందుకని రాత్రి వస్తాయి. వాటిని పట్టుకోవాలంటే బాస్కెట్ స్టార్ కూడా రాత్రే బయటికి రావాలి. పగలు బయట కూర్చుంటే సన్నటి కొసల్ని కొరుక్కుతినే చేపలు దీన్నీ వదలవు. కాబట్టి పగలంతా పగడాల సందుల్లో, రాతి పగుళ్ళలో గట్టిగా చుట్టుకుని ఉండిపోతుంది. పొద్దు గూకాక మెల్లగా బయటికొచ్చి, ప్రవాహం బాగా తగిలే ఎత్తయిన చోటుకి ఎక్కి, కొన్ని కొమ్మలతో దిబ్బని పట్టుకుని, మిగతావాటిని ప్రవాహానికి ఎదురుగా చాపుతుంది. తెల్లవారకముందే మళ్ళీ సందులోకి. పొద్దున మీకు కనబడకపోవడానికి కారణం ఇదే. చాలావరకు మీరు చూసిన చోటుకి కొద్ది దూరంలోనే ఏదో పగులులో ఉండి ఉంటుంది. పగలు దాన్ని గుర్తుపట్టడం నాకే కష్టం, బూడిదరంగులో చిక్కుపడ్డ తాళ్ళ ముద్ద ఒకటి రాతి లోపలికి కుక్కినట్టు ఉంటుంది.

మా డైవ్ చోట్లలో ఒక దిబ్బ కొసన ఒకటి ఉండేది. సీజను పొడుగునా ఇంచుమించు అదే రాయి మీద కనిపించేది. అది అదే జంతువని ప్రమాణం చెయ్యలేను గానీ, మంచి ప్రవాహం ఉన్న చోటు దొరికాక అవి ఊరికే వదలవు. కాబట్టి మీరు రాత్రి మళ్ళీ వెళ్తే మొదట ఆ రాయి దగ్గరే చూడండి.

పట్టుకునే తీరు ఇలా ఉంటుంది. నీళ్ళలో కొట్టుకొచ్చిన పురుగో రొయ్యో ఒక కొసకి తగుల్తుంది. వెంటనే ఆ కొస దాని చుట్టూ చుట్టుకుని ముడి పడుతుంది. కొమ్మల పొడుగునా వలయాలు వలయాలుగా కంటికి కనబడని చిన్న కొక్కేలుంటాయి, దొరికినది జారిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. పక్క కొసలు మాత్రం ఏమీ పట్టనట్టు తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. తర్వాత ఆ కొమ్మ లోపలికి వంగి ఆహారాన్ని నోటి దగ్గరికి చేరుస్తుంది. కెనడా తూర్పు తీరంలోని చల్లని నీళ్ళలో ఉండే గోర్గోనోసెఫాలస్ ఆర్క్టికస్ అనే జాతిని దగ్గరగా పరిశీలించినవాళ్ళు, అది కొమ్మని నోటి అంచున దువ్వెన పళ్ళలా ఉండే ముళ్ళ మధ్యనుంచి లాగుతూ ఆహారాన్ని గీకేసుకుంటుందని రాశారు. ఆ జాతి పట్టేది చిన్నాచితకా ప్లవకాలు కాదు, ఒక అంగుళం పైన పొడవుండే, రొయ్యలాంటి క్రిల్‌ని. ఈదగలిగిన, తోక కొట్టి తప్పించుకోగలిగిన వాటిని. కాబట్టి ఇది నీళ్ళు వడగట్టుకుని తినే సాదా జీవి అనుకోవద్దు.

టార్చి వేస్తే ఎందుకు ముడుచుకుంది? దీనికి కళ్ళు లేవు గానీ వెలుతురు తెలుస్తుంది. వెలుతురు అంటే దానికి పగలు, పగలంటే కొరికే చేపలు. మీ చేతిలో ఉన్న డైవింగ్ టార్చి దానికి తెల్లవారడంతో సమానం. మీరు కదలకుండా ఉన్నా సరే, వెలుగు తగుల్తూ ఉంటే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఇంకాసేపు ఉంచితే పట్టు మార్చుకుని సందు వైపు పాకుతుంది కూడా. అంటే ఆ రాత్రి వేట చెడినట్టే. ఒక బృందం వెళ్ళిపోయాక ఇంకో బృందం వచ్చే పేరున్న డైవ్ చోట్లలో అది ఎన్నిసార్లు విచ్చుకుని ఎన్నిసార్లు ముడుచుకోవాలో ఆలోచించండి. నా కోపమంతా ఇక్కడే. చాలామంది గైడ్లు ఒక్కసారిగా పదిమంది టార్చిలూ దాని మీదే వేయిస్తారు, ముడుచుకోవడమే చూడాల్సిన వింత అన్నట్టు. అసలు చూడాల్సింది అది ముడుచుకోనప్పుడు.

టార్చితో ఇంకో తమాషా కూడా జరుగుతుంది. రాత్రి నీళ్ళలో వెలుగు వెయ్యగానే సన్నటి పురుగులు దాని చుట్టూ మూగుతాయి. టార్చి కాసేపు బాస్కెట్ స్టార్ దగ్గరే పట్టుకుంటే ఆ పురుగులు వెళ్ళి దాని కొమ్మలకి తగుల్తాయి. అప్పుడు ఒకవైపు వెలుగుకి ముడుచుకుంటూ, ఇంకోవైపు దొరికినవాటిని దొరికినట్టు చుట్టేసుకుంటూ ఉంటుంది. వీడియోల్లో "బాస్కెట్ స్టార్ దాడి" అని పెట్టేవాటిలో చాలావరకు ఇదే. డైవర్ తెచ్చిపెట్టిన ఎర అది.

సరిగ్గా చూడాలంటే నేను చెప్పే పద్ధతి ఇది. ఎర్ర వెలుగు వాడండి. టార్చికి ఎర్ర ఫిల్టరు పెట్టుకుంటే చాలు, చాలా జీవులకి అది అంతగా తగలదు. అదీ తక్కువ కాంతిలో, సూటిగా మీద వెయ్యకుండా పక్కన రాతి మీద వేసి, వెలుగు అంచున దాన్ని చూడండి. ప్రవాహానికి ఎగువన నిలబడకండి, మీ ఒంటికి తగిలి చెదిరిన నీళ్ళు దాని మీదికి పోతాయి. రెండు మీటర్ల దూరంలో ఆగి, శ్వాస నెమ్మదిగా తీస్తూ, తేలుతూ ఉండండి. ఓపిక పడితే కొసలు ఒక్కొక్కటే చుట్టుకోవడం కనిపిస్తుంది. ఫొటో కావాలంటే ఫోకస్ ఎర్ర వెలుగులో సరిచేసుకుని ఫ్లాష్ ఒకటి రెండుసార్లు కొట్టండి. క్షణంలో పోయే ఫ్లాష్‌కి అది అంతగా ముడుచుకోవడం నేను చూడలేదు, ఆపకుండా వెలిగే వీడియో లైటుకే ఎక్కువ ముడుచుకుంటుంది. వీడియో తీసేవాళ్ళకి ఇది నచ్చదని తెలుసు.

దగ్గరగా చూస్తే ఇంకో బోనస్ దొరకొచ్చు. కొన్ని బాస్కెట్ స్టార్ల మీద చిన్న రొయ్యలు కాపురముంటాయి, కొమ్మల రంగులోనే ఉంటాయి కాబట్టి కళ్ళు అలవాటుపడితే గానీ దొరకవు. మన సముద్రాలతోపాటు పసిఫిక్‌లోనూ ఉండే అలాంటి రొయ్య ఒకదానికి లానిపెస్ అని పేరు పెట్టింది స్టాన్లీ కెంప్, 1922లో. ఆయన అప్పుడు కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవాడు.

మీ వర్ణన చదివాక ఒక అనుమానం కూడా తీర్చాలి. కొత్తవాళ్ళు ఫెదర్ స్టార్‌ని చూసి ఇదే అనుకుంటారు, అదీ రాత్రిళ్ళు పగడాల మీదికెక్కి చేతులు చాపుతుంది, అదీ ఇకైనోడర్మేటాయే. తేడా కనుక్కోవడం తేలిక. ఫెదర్ స్టార్ చేతికి రెండువైపులా ఈకకి ఉన్నట్టు పొట్టి పోగులు వరసగా ఉంటాయి, దాని నోరు పైకి ఉంటుంది, కింద చిన్న చిన్న వేళ్ళ వంటివాటితో రాతిని పట్టుకుంటుంది. బాస్కెట్ స్టార్‌కి ఆ పక్క వరసలుండవు, చీలికలే ఉంటాయి, కొసలు వంకర్లు తిరిగి ఉంటాయి. మీరు "చీలుతూ పోయిన కొమ్మలు" అని స్పష్టంగా రాశారు కాబట్టి నాకు సందేహం లేదు. సీ ఫ్యాన్ అయితే అసలు కదలదు, అది రాతికి అతుక్కుని ఉండే పగడపు జాతి.

ముట్టుకోవడం గురించి. విషం లేదు, కుట్టదు. కొక్కేలు చేతి తొడుగుకి తగులుకుంటాయి, అంతే. కానీ మీరు చెయ్యి వెనక్కి లాక్కునేటప్పుడు తెగేది దాని కొస. తెగినవి మళ్ళీ పెరుగుతాయి నిజమే, అయినా పెరిగేదాకా వేట అంతమేరకు తక్కువే కదా. పైగా ఎర్ర సముద్రంలో రాత్రిపూట దిబ్బ మీద చెయ్యి పెట్టడమే తప్పు. పొడుగు ముళ్ళ సీ అర్చిన్లు అప్పుడే బయటికొస్తాయి, ఫైర్ కోరల్ తగిలితే మంట, స్టోన్ ఫిష్ రాయిలా పడి ఉంటుంది. లయన్ ఫిష్ అయితే మీ టార్చి వెలుగులో వేటాడ్డం నేర్చుకుని పక్కనే ఈదుతూ వస్తుంది. భయపడాల్సింది వీటికి, బాస్కెట్ స్టార్‌కి కాదు.

అక్వేరియం సంగతి. గల్ఫ్‌లో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకునేవాళ్ళు చాలామంది నన్ను ఇదే అడుగుతారు, దుకాణాల్లో అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తాయి కాబట్టి. నా సమాధానం ఎప్పుడూ వద్దనే. కారణం అది త్వరగా చచ్చిపోతుందని కాదు, నెమ్మదిగా చచ్చిపోతుందని. దీని ఒంటికి ఖర్చు తక్కువ, ఆకలితో నెలల తరబడి నెట్టుకొస్తుంది. పగలు ఎలాగూ ముడుచుకునే ఉంటుంది కాబట్టి యజమానికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దుబాయ్‌లో నాకు తెలిసిన ఒకాయన ట్యాంకులో ఇలాగే జరిగింది. రోజూ ఫ్రీజర్‌లోంచి తీసిన ఆర్టీమియా, అంటే చేపలకి వేసే చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటివి, వేసేవారు, అది చాలా శ్రద్ధగల మనిషి చేసే పనే. కొసలు ఒక్కొక్కటే రాలడం మొదలయ్యాక గానీ దానికి ఆ తిండి చాలట్లేదని తెలియలేదు. రాత్రంతా, బలమైన ప్రవాహంలో, తేలుతూ వచ్చే తగిన సైజు ఆహారం నిరంతరంగా అందాలి దానికి. ఇంటి ట్యాంకులో అంత తిండి వేస్తే నీళ్ళు పాడవుతాయి, వెయ్యకపోతే ఇది మాడుతుంది. దానికి తోడు పంపులు. రాత్రి పాకుతూ వెళ్ళి కొమ్మని పంపు నోట్లో పెట్టిందంటే అంతే సంగతులు. చచ్చాక సందులో కనబడకుండా కుళ్ళిపోయి మిగతా చేపల్ని కూడా తీసుకుపోతుంది.

పెద్ద సంస్థలు పెంచగలవు, దానికి తగ్గ నీళ్ళు, మనుషులు, ఆహారం ఉంటాయి కాబట్టి. కాలిఫోర్నియాలో బే ఏరియా వైపు ఉండే మనవాళ్ళు మాంటెరే బే అక్వేరియంకి వెళ్తే, 2022లో తెరిచిన లోతు సముద్రపు విభాగంలో చల్లని నీళ్ళ బాస్కెట్ స్టార్లని అద్దం వెనక చూడొచ్చు. అవి గోర్గోనోసెఫాలస్ జాతివి. మీరు చూసినదానికి దగ్గరి బంధువులే గానీ వాటి కథ కొంచెం వేరు. ఆ జాతి పిల్లలు మెత్తటి పగడాల మీద పెరుగుతాయి, కాస్త ఎదిగాక పెద్ద బాస్కెట్ స్టార్ల ఒంటి మీదికెక్కి కొంతకాలం అక్కడే బతుకుతాయి.

ఇక విశాఖ. రుషికొండ చుట్టుపక్కల డైవింగ్ చోట్లలో నేను పెద్ద బాస్కెట్ స్టార్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ రాతి దిబ్బలున్నాయి, చేపలున్నాయి, మంచి రోజున సీ ఫ్యాన్లు కూడా కనిపిస్తాయి. కానీ నీళ్ళు ఎక్కువకాలం మసకగా ఉంటాయి, వానాకాలం తర్వాత మరీను. ఎర్ర సముద్రంలా పగడాల గోడలు, వాటి సందులు, ఏడాది పొడుగునా తేట నీళ్ళు మన తీరానికి లేవు. కాబట్టి దీన్ని చూడ్డానికే విశాఖ వచ్చి డైవింగ్ చెయ్యమని ఎవరికీ చెప్పను. చూడాలనుంటే మీరున్న చోటే మేలు. జెడ్డా నుంచి మళ్ళీ రాత్రి డైవింగ్‌కి వెళ్తున్నారు కదా, ఎర్ర ఫిల్టరు ఖరీదు పెద్దదేమీ కాదు, మీ టార్చి మోడల్‌కి సరిపోయేది అక్కడి డైవింగ్ దుకాణంలోనే దొరుకుతుంది.

ఒక్క మాట మర్చిపోయాను. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు బీచ్ దుకాణాల్లో ఎండిన సీ ఫ్యాన్ ఎవరైనా అమ్మితే, దాన్ని చుట్టుకుని ఎండిపోయిన ఇలాంటి జీవి ఏదైనా ఉన్నా సరే, కొనకండి. సీ ఫ్యాన్లన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అమ్మినా కొన్నా దగ్గర ఉంచుకున్నా కేసే.